పొల్లు పోకుండా

తెలుగులో పొల్లు అనే మాట రెండు చోట్ల వినపడుతుంది. వడ్లు తూర్పారబట్టేటప్పుడు గాలికి ఎగిరిపోయే తాలుగింజ పొల్లు. హల్లు నెత్తిన కూర్చుని అచ్చుని తీసేసే గుర్తు కూడా పొల్లే. "లాటు"లోంచి ఉకారం పీకేసి "లాట్" చేసేది అదే. "జరిగింది పొల్లు పోకుండా చెప్పు" అని అమ్మ నిలదీసినప్పుడు ఈ రెండింట్లో ఏది పోకూడదో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. ఇప్పుడు నేను చేసే పనిలో మాత్రం రెండో పొల్లు గురించే బెంగ. అది పోయినా కష్టమే, కంటికి కనపడకుండా ఇంకోటి వచ్చి చేరినా కష్టమే.

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీద గదిలో కూచుని చిన్న చిన్న వ్యాపారస్తుల సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. సర్వర్ అనగానే ఏ అమెరికాలోనో చల్లటి గదుల్లో వరసగా నిలబెట్టిన బీరువాలు గుర్తొస్తాయేమో. ఇక్కడ అది కోల్డ్ స్టోరేజి ఆఫీసులో, కాటా పక్కన, వెంకటేశ్వరస్వామి పటం కింద ఉండే దుమ్ము పట్టిన డబ్బా. సీజన్లో దాని ఫ్యాన్ లోపల ఎర్రటి మిరప దుమ్ము ఉంటుంది. తుడిచినవాళ్ళు పది నిమిషాలు తుమ్ముతారు.

ఆ డబ్బాకి ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. ఏ పోర్టు దగ్గర కాచుకుని ఉండాలి, డేటాబేసు ఎక్కడుంది, బిల్లు నెత్తిన ఎవరి పేరు వెయ్యాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. ప్రోగ్రాం లేవగానే మొట్టమొదట చదివేది దాన్నే. అర్థమైతే పనిలోకి దిగుతుంది. భావం తెలిసింది కదా, అక్షరం అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకునే సహృదయ పాఠకుడు కాదు అది.

ఆ ఏప్రిల్ రాత్రి సంగతి చెప్తాను. మే నెలలో మిర్చి యార్డుకి వేసవి సెలవులిస్తారు. దానికి ముందు అమ్ముడుపోని సరుకూ, రేటు పెరుగుతుందని ఆశతో దాచుకునే సరుకూ కోల్డ్ స్టోరేజీలకి చేరాలి. ఊరి బయట రోడ్ల మీద ట్రాక్టర్లు వరస కడతాయి. ఆ సాయంత్రం ఈదురుగాలి లేచింది, చినుకు పడింది, కరెంటు పోయింది. నేను సర్వర్ చూసే ఒక కోల్డ్ స్టోరేజిలో బ్యాటరీలు ఉన్నంతసేపు ఉండి చల్లారిపోయాయి. గుమస్తా జనరేటర్ వేయించాడు. డబ్బా లేచింది. బిల్లుల సాఫ్ట్‌వేర్ మాత్రం లేవలేదు. అది లేవకపోతే లాటు నంబరు పడదు, స్లిప్పు రాదు, టిక్కీ లోపలికి వెళ్ళదు. బయట పట్టాలు కప్పుకుని ట్రాక్టర్లు. తడిసిన మిరపకాయ నల్లబడి తాలైపోతే ఎంత పోతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పైగా ఆ స్లిప్పుని బట్టే బాండు ఇస్తారు, బాండు మీదే బ్యాంకు అప్పిస్తుంది.

పదకొండు దాటాక గుమస్తా ఫోన్ చేశాడు. "అమ్మా, పెట్టె ఆన్ అయింది గానీ సాఫ్ట్‌వేర్ లేవట్లా. నేనేం ముట్టుకోలేదమ్మా." రెండో వాక్యం నేను అడక్కుండానే వచ్చింది. వెనకాల యజమాని గొంతు వినపడుతోంది. జనరేటర్ తొందరపడి వేశాడనీ, వోల్టేజి కొట్టి పెట్టె పాడయ్యిందనీ, ఆ డబ్బు అతని జీతంలోంచి కొయ్యాల్సిందేననీ. పద్ధెనిమిదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి అతను.

ఇంటి నుంచే లోపలికి వెళ్ళి లాగ్ చూశాను. టామ్‌క్యాట్ మొదలవుతూనే ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో వరస సంఖ్యతో సహా రాసింది. దాని ఫిర్యాదు ఏంటంటే, & గుర్తు వెంటనే ఒక ఎంటిటీ పేరు ఉండాలి, లేదు, అని.

ఆ వరసలో ఉన్నది వాళ్ళ సంస్థ పేరు. నలభై ఏళ్ళుగా తండ్రి ఒక్కడి పేరు మీద నడిచిన వ్యాపారం. కొడుకులిద్దరూ చదువులు ముగించి వచ్చాక, సంక్రాంతికి బోర్డు మార్పించాడాయన. పేరు చివర "& సన్స్" చేరింది. బిల్లు మీద కూడా మారాలని సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళ కుర్రాడిని పిలిపిస్తే, అతను ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిచి, పేరు మార్చి, సేవ్ చేసి వెళ్ళిపోయాడు. ఎక్స్‌ఎంఎల్‌లో & మామూలు అక్షరం కాదు, "ఇక్కణ్ణించి ఇంకో గుర్తు పేరు మొదలవుతోంది చూడు" అని చెప్పే సంజ్ఞ. నిజంగా & కావాలంటే ఆ గుర్తు పక్కనే ఏ, ఎం, పి అని రాసి సెమికోలన్ పెట్టాలి. యాంగిల్ బ్రాకెట్‌దీ అదే తంతు. అది కనపడితే ట్యాగ్ మొదలైందనుకుంటుంది.

సరిచెయ్యడానికి నిమిషం పట్టింది. సాఫ్ట్‌వేర్ లేచింది. ఇక మిగిలింది యజమానితో మాట్లాడటం, అదే కష్టమైన పని.

"మూడు నెల్లు నడిచిందిగా అమ్మా? తప్పుంటే ఆ రోజే ఆగాలిగా?"

న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఏంటంటే, టామ్‌క్యాట్ ఆ ఫైలుని లేచేటప్పుడే చదువుతుంది. జనవరి నుంచి అది నిద్రపోనేలేదు కాబట్టి మళ్ళీ చదవలేదు. తలలో పాత పేరు పెట్టుకుని పనిచేస్తూ పోయింది. బిల్లుల మీద పాత పేరే పడుతున్నా పెద్దగా పట్టించుకోలేదు, సీజన్ తొందరలో ఎవరు చూస్తారు? తప్పు రాసిన రోజుకీ, తప్పు బయటపడిన రాత్రికీ మధ్య మూడు నెలలు. ఆ మూడు నెలల్లో దాని చుట్టూ వేరే అనుమానితులు పుట్టుకొచ్చారు: పిడుగు, జనరేటర్, గుమస్తా.

"బాబాయ్ గారూ, ఈ ఫైలు చివరిసారి మార్చింది జనవరి 17న. కంప్యూటర్ తనే రాసిపెట్టుకుంది తేదీ. ఈ రాత్రి ఎవరూ దీన్ని ముట్టుకోలేదు," అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "సర్లే, ఆ ట్రాక్టర్లు పంపించండిరా లోపలికి," అన్న కేక వినపడింది. గుమస్తాకి క్షమాపణ చెప్పాడో లేదో నాకు తెలీదు. జీతం మాత్రం కొయ్యలేదు.

పేరులో & బదులు "అండ్" అని రాసేద్దామా అని మర్నాడు అడిగాను. ఒప్పుకోలేదాయన. "బోర్డు మీద ఎర్రరంగుతో రాయించిందే ఆ మెలిక. నా పిల్లలు నా పక్కన చేరింది ఆ మెలికతోనే గదమ్మా." ఆ మెలిక అలాగే ఉంది.

ఇది విన్న స్నేహితులు చాలామంది, ఒక్క అక్షరానికి అంత రాద్ధాంతమా, ఆ పేరు వదిలేసి మిగతాది చదువుకోవచ్చుగా, అంటారు. కంప్యూటర్లు చేసినవాళ్ళూ ఈ సంగతి మీద చాలా వాదించుకున్నారు. 1980లో జాన్ పోస్టెల్ టీసీపీ పత్రంలో ఒక సూత్రం రాశాడు. నువ్వు పంపేది నిక్కచ్చిగా పంపు, అవతలివాడు పంపింది మాత్రం ఉదారంగా పుచ్చుకో అని దాని సారాంశం. ఇంటర్నెట్ ఆ మర్యాద మీదే పెరిగింది. వెబ్ బ్రౌజర్లు ఆ ఉదారతని ఇంకా దూరం తీసుకెళ్ళాయి. ట్యాగు మూయకపోయినా, తలకిందులుగా మూసినా ఏదో ఊహించి పేజీ చూపించేస్తాయి. ఎక్స్‌ఎంఎల్‌ని తయారుచేసినవాళ్ళు దీనికి అడ్డం తిరిగారు. 1998 ఫిబ్రవరి 10న వచ్చిన వాళ్ళ ప్రమాణంలో, నిర్మాణం తప్పిన చోట చదవడం ఆపెయ్యాలి, ఊహించి ముందుకు పోకూడదు అని నియమం పెట్టారు. చిన్న దొంగతనానికి కూడా మరణశిక్ష పెట్టాడంటారే, ఏథెన్స్ శాసనకర్త డ్రాకో, ఆయన పేరుతో దీన్ని ఎగతాళి చేసినవాళ్ళున్నారు.

నేను డ్రాకో పక్షం. మనుషులతో మాట్లాడేటప్పుడు పోస్టెల్ పక్షమే అనుకోండి. మా అత్తయ్య వాక్యం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపినా నాకు అర్థమవుతుంది. కానీ ఫైలు దగ్గర ఉదారత ఎంత ఖరీదో హైదరాబాదులో ఆఫీసున్న ఒక క్లయింటు దగ్గర చూశాను.

వాళ్ళది యామల్ ఫైలు. ఎక్స్‌ఎంఎల్‌లో బ్రాకెట్లతో చెప్పే సంగతిని యామల్‌లో ఖాళీలతో చెప్తారు. ఎంత లోపలికి జరిపి రాశాం అన్నదే అర్థం. చూడ్డానికి పచారీ చీటీలా హాయిగా ఉంటుంది. అందులో ప్రతి బ్రాంచికీ ఊరు, ఎస్‌టీడీ కోడ్, నంబరు ఎవరో విడివిడిగా రాసి పెట్టారు. గుంటూరు 0863, ఒంగోలు 08592, హైదరాబాదు 040. సర్వర్ ఏ గొడవా లేకుండా లేచింది. ఏ తప్పూ చూపించలేదు. మూడు వారాల తరవాత తెలిసింది, వాళ్ళ రసీదుల మీద హైదరాబాదు ఆఫీసు కోడ్ 32 అని పడుతోందని. ఆ మూడు వారాలూ హైదరాబాదు ఆఫీసులో ఫోన్ మోగకపోతే, అక్కడి అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదని గుంటూరులో నిర్ధారించేశారు.

యామల్ 1.1 పద్ధతిలో సున్నాతో మొదలయ్యే అంకెల్ని ఎనిమిదేసి లెక్కలో చదువుతారు. 040 అంటే ఎనిమిది నాలుగులు, ముప్పై రెండు. చెన్నై 044 అయితే 36 అయ్యేది. మరి గుంటూరు ఎలా బతికిపోయింది? ఎనిమిదేసి లెక్కలో ఎనిమిది అనే అంకె ఉండదు, సున్నా నుంచి ఏడు దాకానే. 0863లో ఎనిమిది కనపడగానే ఇది సంఖ్య కాదులే అనుకుని మాటగా వదిలేసింది. ఒంగోలుదీ అదే అదృష్టం. ఇలాంటిదే నార్వే కథ కూడా. ఆ దేశం పొట్టిపేరు ఎన్, ఓ అని రాస్తే, "కాదు" అన్నమాట అనుకుని దేశాన్నే అబద్ధంగా చదివేది. 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ తిక్కలు చాలావరకు తీసేసింది గానీ, పాత పద్ధతిలో చదివే లైబ్రరీలు ఇంకా వాడుకలో ఉన్నాయి. మందు చాలా చిన్నది: సంఖ్యలా కనపడుతూ సంఖ్య కానిదానికి కొటేషన్ గుర్తులు పెట్టడం. పిన్ కోడ్, ఫోన్ నంబరు, లాటు నంబరు, సమయం, అన్నిటికీ. రాత్రి 22:30 అని ఉత్తగా రాస్తే అదే 1.1 పద్ధతిలో 1350 అవుతుంది, అరవయ్యేసి లెక్కలో.

కోల్డ్ స్టోరేజి రాత్రి ఆగిపోయిన డబ్బా గంటలో దొరికిపోయింది. ఆగకుండా నడిచిన ఫైలు మూడు వారాలు ఒక అమ్మాయిని అబద్ధాలకోరుని చేసింది.

మా తాతయ్య, అమ్మ నాన్న, తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. సీసం అక్షరాల రోజులు. అచ్చుతప్పుల్ని మన వాళ్ళు ముద్రారాక్షసాలు అన్నారు కదా, తాతయ్య వాటిని నిజంగానే రాక్షసుల్లాగా, వాసన బట్టి పట్టుకునేవాడని అమ్మ చెప్తుంది. ఆయన పద్ధతి మాత్రం వాసన కాదు. ఒకరు చేతిరాత ప్రతి పైకి చదవాలి, కామా, ఫుల్‌స్టాపు, కొటేషన్ మొదలు, కొటేషన్ ముగింపు, అన్నీ నోటితో అనాలి. రెండోవాళ్ళు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట రావాలి. రాసినవాడిని ప్రూఫు దగ్గరికి రానిచ్చేవాడు కాదట. వాడి కన్ను కాగితం మీదున్నది చదవదు, వాడు రాద్దామనుకున్నది చదువుతుంది అనేవాడట.

నా పని పద్ధతి దీనికి పెద్ద దూరమేం కాదు. రెండో మనిషి బదులు పరికరం. ఎక్స్‌ఎంఎల్ ఫైలైతే ఎక్స్‌ఎంఎల్‌లింట్ చదువుతుంది. అపాచీకి కాన్ఫిగ్‌టెస్ట్ అని ఒక ఆదేశం ఉంది. ఇచ్చాక అన్నీ సరిగ్గా ఉంటే "సింటాక్స్ ఓకే" అని రెండు మాటలంటుంది. ఎంజినెక్స్‌కీ అలాంటి పరీక్షే ఉంది. అపాచీ ఫైళ్ళలో యాంగిల్ బ్రాకెట్లు ఉంటాయి గానీ అది ఎక్స్‌ఎంఎల్ కాదు. తెరిచింది మూశామా లేదా అన్నది మాత్రం రెంటికీ ఒకటే పట్టింపు. మార్చే ముందు పాత ఫైలు నకలు తీసి పెట్టుకోవడం, ఒకసారి ఒక్కటే మార్చడం, తెరవగానే మూసే ట్యాగు కూడా రాసేసి ఆ తరవాత మధ్యలో నింపడం, ఇవన్నీ అందరూ చెప్పేవే. నేను గట్టిగా పట్టుబట్టేది ఇంకోటుంది. ఫైలు మార్చిన రోజే, పట్టపగలు, అందరూ మెలకువగా ఉన్నప్పుడు, సర్వర్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ లేపి చూడాలి. ఎంజినెక్స్‌కి రీలోడ్ చెప్తే, కొత్త ఫైల్లో తప్పుంటే పాతదానితోనే నడుస్తూ ఉంటుంది. అది మంచి గుణమే. కానీ ఆ మంచితనం వల్లే తప్పు ఫైల్లో దాక్కుని, కరెంటు పోయే రాత్రి కోసం కాచుకుని కూర్చుంటుంది. క్లయింట్లకి ఇది నచ్చదు. "నడిచేదాన్ని ఎందుకమ్మా ఆపటం?" అంటారు. జనవరి 17 కథ చెప్తాను.

అయితే తాతయ్య కళ్ళకి కూడా దొరకని రాక్షసం ఒకటుంది. సీసం రోజుల్లో అది లేదు. తెలుగు టైపు చేసేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే పొల్లు తరవాత కనపడని అక్షరం ఒకటి పెట్టాలి, లేకపోతే టకారం కింద వకారం ఒత్తుగా దూరి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఆ అక్షరానికి వెడల్పు సున్నా. పక్కపక్క అక్షరాలు అతుక్కోకుండా అడ్డం నిలబడటమే దాని పని. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఐఫోన్లని కూలుస్తోందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి గుర్తుందా? "జ్ఞా" అని చూపించారు. అమెరికాలో ఉన్న మా కజిన్ మెసేజి పెట్టాడు, "మన జ్ఞానం వాళ్ళకి తట్టుకోలేనిదయ్యింది" అని. నిజానికి మనం "జ్ఞానం" అని మామూలుగా రాస్తే ఏ ఫోనూ కూలలేదు. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఈ కనపడని అక్షరం ఇరుక్కున్న వరస ఒకటుంది, అది పడినప్పుడే కూలింది. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. చెడ్డపేరు మాత్రం అక్షరానికొచ్చింది.

నా బల్ల మీదికి ఈ అక్షరం నరసరావుపేట వైపు నుంచి వచ్చింది. అక్కడ ఒక రైతుల సంఘానికి, ఏ ఏసీలో ఎవరి సరుకు ఎంతుందో తెలుగులో చూపించే చిన్న సర్వర్ ఉంది. నడిపేది డిగ్రీ చదివే కుర్రాడు. తన ఫైల్లో ట్యాగుల పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకున్నాడు, రైతు, రకం, బస్తా, లాట్ అని. ఎక్స్‌ఎంఎల్ దానికి ఒప్పుకుంటుంది. ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, లాట్ తెరిచి లాట్ మూస్తే, రెండూ ఒకటి కాదంటుందక్కా. పిచ్చెక్కుతుంది నాకు."

ఫైలు పంపించాడు. నిజంగానే రెండూ లాట్. పరికరం నిజంగానే, తెరిచిన లాట్‌కీ మూసిన లాట్‌కీ పొంతన లేదని ఫిర్యాదు చేస్తోంది. చదివితే మన తెలివినే శంకించుకోవాల్సిన వాక్యం అది. అక్షరాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టించాను. మూసే ట్యాగులో నాలుగు: లకారం, దీర్ఘం, టకారం, పొల్లు. తెరిచే ట్యాగులో అయిదు. చివర పొల్లు పక్కన ఆ సున్నా వెడల్పు అక్షరం. "లాట్‌లో" అనే మాట ఫోన్లో టైపు చేసి, అందులోంచి "లో" తీసేసి అతికించాడట. "లో" పోయింది గానీ అడ్డుగోడ మిగిలిపోయింది. ఎక్స్‌ఎంఎల్ పేర్లలో ఆ కనపడని అక్షరం కూడా చెల్లుతుంది కాబట్టి, పరికరం దృష్టిలో అవి రెండు వేరే వేరే పేర్లు. ఇక్కడ దాని తప్పేమీ లేదు.

కనపడనివాటిని చుక్కలుగా చూపించే ఎడిటర్ ఒకటి వాడమని చెప్పాను. ఫోన్లో వచ్చిన ముక్కల్ని నేరుగా అతికించొద్దన్నాను. వాటిలో కొటేషన్ గుర్తులు కూడా వంకర తిరిగి వస్తాయి. ట్యాగులు ఇంగ్లీషులోకి మార్చేస్తే ఏ గొడవా ఉండదు అని కూడా అనబోయాను.

"మార్చనక్కా. మా పెదనాన్న కూడా ఈ ఫైలు తెరిచి చదువుకుంటాడు."

ఆ మాట తరవాత ఇంగ్లీషు ప్రస్తావన ఎలా తెస్తాను? ఫైలు ముందు పెట్టుకుని ఇద్దరం కాసేపు ఆలోచించాం. అప్పుడు తట్టింది, అసలు గుంటూరు యార్డులో "లాట్" అనేవాళ్ళెవరు? లాటు అంటారు. తెలుగు అజంత భాష అని బళ్ళో చెప్పారు గానీ, దాన్ని ఇలా వాడుకోవచ్చని చెప్పలేదు. ఏ ఇంగ్లీషు మాటొచ్చినా చివర ఒక అచ్చు తగిలించి ఇంట్లోకి రానిస్తాం: బస్సు, బిల్లు, రేటు, లాటు. చివర అచ్చుంటే పొల్లు లేదు. పొల్లు లేకపోతే దాని పక్కన నక్కడానికి ఆ కనపడని అక్షరానికి పనే లేదు.

కుర్రాడు ఆ సాయంత్రం కూచుని మొత్తం మార్చాడు. లాట్ లాటు అయింది. గ్రేడ్ గ్రేడు అయింది. కోల్డ్‌స్టోరేజి దగ్గర కాసేపు ఆగిపోయాడు, దాని మధ్యలోనే ఉంది పొల్లూ అడ్డుగోడా. మళ్ళీ ఫోన్ చేశాడు ఏం చెయ్యమంటావని. మీ పెదనాన్న ఏమంటాడురా దాన్ని అని అడిగాను.

"ఏసీ అంటాడు."

అదే పెట్టుకోమన్నాను.